హద్దు

మెజెస్టిక్‌లో చీకటుండగానే మైసూరు బస్సెక్కి
రామనగరలో దిగాం, నేనూ మా తమ్ముడి కూతురు హిమజా.
దాని మెడలో బైనాక్యులర్స్.
నా సంచిలో చిత్రాన్నం, బీపీ మాత్ర.
"పెద్దనాన్నా, అన్ని మెట్లు ఎక్కగలవా?" అంది.
ఎద్దుల్ని పడదోసి కాళ్ళు కట్టిన ఒళ్ళే ఇది, అనబోయి
ముప్పయ్యో మెట్టు దగ్గర కూర్చున్నాను.

కింద ఎవరో కుర్రాళ్ళు
సినిమా తీసిన బండ ఏదని అడుగుతున్నారు.
వాచరు కెంచప్ప చెయ్యెత్తి ఎటో చూపించాడు.
మాకు మాత్రం ఎదుటి కొండచరియ చూపించి
ఉయ్యాల్లో పసిదాన్ని చూపినట్టు గొంతు తగ్గించి
"రణహద్దు" అన్నాడు.
కన్నడంలో అది పక్షి పేరు.
నా తెలుగు చెవికి
ఎవరో దాటిన గీతలా తగిలింది.

ముందు కనబడింది పక్షి కాదు, సున్నం.
నల్లరాతి మీద పైనుంచి కారిన తెల్లచారలు,
ఎన్నేళ్ళ రెట్టలో.
చార మొదలైన చోట చిన్న అరుగు,
అరుగు మీద ఎండుపుల్లలు,
పుల్లల్లో ఏమీ లేదు.
పక్క అరుగు మీదా లేదు.
అద్దె ఇళ్ళు వెతికినవాడికి తెలుసు,
ఖాళీ చేసి వెళ్ళిన గోడలో మేకు ఎలా చూస్తుందో.

తొమ్మిదిన్నర దాకా కొండ ఉలకలేదు.
బండ కాగాలట, గాలి పైకి లేవాలట.
అప్పుడు
రాతిలోంచి ఒక రాయి ఊడినట్టు
ఒకటి జారింది.
పడుతుందనుకున్నాను.
రెక్కల కొసన వేళ్ళు విప్పి
గాలిని తడిమింది,
చూలావు పొట్ట నేను తడిమేవాణ్ణే, అలా,
నిదానంగా, లోపలేముందో తెలిసినట్టు.
ఒక్కసారైనా రెక్క కొట్టలేదు.

హొసకోటె పశువులాసుపత్రిలో ముప్పయ్యేళ్ళు కాంపౌండర్ని.
కుంటితే సూది, పొదుగు వాస్తే సూది, మేత మానేస్తే సూది.
డైక్లోఫెనాక్.
నోరు తిరగక రైతులు "డైక్లో సామీ" అనేవాళ్ళు,
ఇలవేల్పుని పిలిచినట్టు.
గొడ్లు లేచి నిలబడేవి.
చౌడమ్మ కర్రావు లేవలేదు.
చెరుకు తోట వెనక బీట్లో పడేసి వచ్చారు.
ఆ మధ్యాహ్నం ఆకాశానికి చిల్లుపడి
పెళ్ళి పంక్తికి దిగినట్టు దిగాయి,
తోసుకుంటూ, బుసకొడుతూ, మెడలు ఎర్రగా ముంచుకుంటూ.
పొద్దు వాలేసరికి పక్కటెముకలు మెరుస్తున్నాయి.
నేను ముక్కు మూసుకుని సైకిల్ తొక్కాను.
వడ్డించింది నేనేనని నాకేం తెలుసు?

తర్వాత రాలేదు.
కుక్కలొచ్చాయి.
వాసనొచ్చింది.
బీటి మీద లేఅవుటొచ్చింది, రంగురంగుల జెండాలతో.
అన్నీ అయ్యాక సర్కారు కాగితమొచ్చింది,
ఆ మందు గొడ్లకు వాడరాదని.
అటెండరు గోడకి అంటించాడు.
నేను బీరువాలో మిగిలిన సీసాలు లెక్కపెట్టి
సంతకం చేశాను.
సీసాల లెక్క సరిపోయింది.

"వర్షక్కె ఒందే మొట్టె" అంటున్నాడు కెంచప్ప.
ఏడాదికి ఒక్కటే గుడ్డు.
హిమజ రాసుకుంటోంది.
అది పుట్టేనాటికి
మన ఆకాశంలో రాబందంటే తిట్టుగా మాత్రమే మిగిలింది,
వడ్డీ వ్యాపారికీ, భూమి బ్రోకరుకీ.

పైది ఒక చుట్టు తిరిగి మా మీదుగా వచ్చింది.
దాని నీడ మెట్ల మీద పాకి,
నా మోకాలెక్కి,
సూదులు వేసిన కుడిచేతి మీంచి
చల్లగా వెళ్ళింది.
చెయ్యి తీయలేదు నేను.

హిమజ పుస్తకంలో
తెల్లచారలు పంతొమ్మిది, పక్షి ఒకటి.

దిగొచ్చి చెట్టుకింద పొట్లం విప్పాను.
"మీరేం పని చేసేవారు?" అని అడిగాడు కెంచప్ప.
"గొడ్ల ఆసుపత్రి."
అతని చెయ్యి పొట్లం మీద ఆగింది.
చాలాసేపేం కాదు,
ఒక సీసా మూతకి సూది గుచ్చేంతసేపు.
తర్వాత పచ్చిమిరపకాయ ఏరి పక్కన పెట్టి
తినడం మొదలుపెట్టాడు.